ఎలుక ప్రారబ్ధం

ఎలుకలకి జబ్బు తెప్పించడం నా ఉద్యోగంలో సగం. అదే జబ్బు దానంతటదే వచ్చిన మనుషుల్ని చూడటం మిగతా సగం. ఊపిరితిత్తుల్లోకి రక్తాన్ని తీసుకెళ్లే నాళాలు మందమై, లోపలి దారి సన్నబడి, అందులోకి రక్తం తోయలేక గుండె కుడి భాగం డస్సిపోయే జబ్బు అది. పల్మనరీ హైపర్‌టెన్షన్ అంటాం. జబ్బకి పట్టా కట్టి చూసే బీపీ వేరు, ఇది వేరు. దీన్ని కొలవాలంటే మెడ దగ్గరో తొడ దగ్గరో సిరలోంచి సన్నటి గొట్టం లోపలికి పంపి, గుండె కుడి గదులు దాటించి, ఊపిరితిత్తుల ధమనిలో నిలపాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అక్కడి సగటు ఒత్తిడి 14 దగ్గర ఉంటుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లకి 50, 60.

మా నాన్నది తెనాలి దగ్గర పల్లె. వరి కోతలయ్యాక పొలంలో మినుమో జనుమో చల్లేవాడు. పసుప్పచ్చగా పూసిన జనుము చేలో ఆడుకుని పెరిగినదాన్ని, ల్యాబులో చేరాక ఒక చిన్న సీసా చేతికొచ్చింది. మోనోక్రోటలిన్ అని రాసి ఉంది దాని మీద. జనుముకి దగ్గర చుట్టమైన మరో మొక్క గింజల్లోంచి తీసిన విషం అది. మొక్క పేరు క్రోటలేరియా స్పెక్టాబిలిస్, పుట్టిల్లు మన ఉపఖండమే. అమెరికా దక్షిణ రాష్ట్రాల రైతులు పచ్చిరొట్ట ఎరువుకని దాన్ని తీసుకెళ్లి వేసుకుంటే, గింజలు తిన్న గొడ్లూ గుర్రాలూ కోళ్లూ చచ్చిపోయాయి. 1967లో కే, హారిస్, హీత్ అనే ముగ్గురు ఆ గింజలు ఎలుకలకి మేపి, వాటి ఊపిరితిత్తుల నాళాల్లో మనుషులకొచ్చే జబ్బులాంటిదే రావడం చూపించారు. అప్పట్నించీ ఈ రంగంలో పనిచేసే చాలా ల్యాబులు ఆ దారే పట్టాయి. కిలో బరువుకి 60 మిల్లీగ్రాముల లెక్కన చర్మం కింద ఒక్క సూది. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఆగడమే.

ఈ విషానికి ఒక గుణం ఉంది. సీసాలో ఉన్నంతసేపూ అది అంత ప్రమాదకరం కాదు. ఎలుక ఒంట్లోకి వెళ్లాక, దాన్ని విరగ్గొట్టి బయటికి పంపుదామని పూనుకున్న కాలేయమే దాన్ని అసలైన విషంగా మారుస్తుంది. కాలేయంలోంచి బయల్దేరిన రక్తం గుండె కుడివైపుకి చేరి, అక్కణ్ణించి ముందుగా వెళ్లేది ఊపిరితిత్తులకే. దారిలో ఎదురయ్యే మొదటి సన్న నాళాలు అవే గనక దెబ్బంతా వాటి మీద పడుతుంది. ఎలుకని చంపేది నేనా, దాని కాలేయమా అని వాదించదలిస్తే వాదించవచ్చు. నేనెప్పుడూ ఆ వాదన పెట్టుకోలేదు. సూది నా చేతిలో ఉంది.

గడువయ్యాక మత్తిచ్చి, ఒత్తిడి కొలిచి, ప్రాణం తీసి, గుండె బయటికి తీస్తాం. చిన్న కత్తెరతో కుడి జఠరిక గోడని అంచు వెంబడి కోసి వేరుచేస్తాం. ఎడమ జఠరికా, మధ్యగోడా కలిపి ఒక ముక్కగా మిగులుతాయి. రెంటినీ అద్దుడు కాగితం మీద తడి ఆర్చి విడివిడిగా తూస్తాం. మామూలు ఎలుకలో కుడి ముక్క రెండో ముక్కలో ఇంచుమించు పావు వంతు తూగుతుంది. ఎంత పల్చనంటే, పట్టకారుతో వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతల పెట్టిన వేలు నీడ కనిపిస్తుంది. సూది పడ్డ ఎలుకలో అది సగానికి వస్తుంది, ఒక్కోసారి దాటుతుంది. ఆ ముక్కని ఎత్తి పడితే వెలుతురు రాదు. మూడు వారాలపాటు ఆ గోడ ఎంత కష్టపడిందో తూకం యంత్రం మీద మిల్లీగ్రాముల్లో కనిపిస్తుంది.

మా యానిమల్ హౌస్ అటెండరు వినాయక చవితినాడు సూదులకి ఎలుకల్ని పట్టి ఇచ్చేవాడు కాదు. "ఇవాళొద్దు మేడమ్, రేపు పొద్దున్నే పట్టిస్తా" అనేవాడు. ఒకరోజు ఆలస్యంగా చస్తే ఎలుకకి ఒరిగేదేమిటని మా పీహెచ్‌డీ కుర్రాడొకడు నవ్వితే, "ఎలుక్కి కాద్సార్, నాకు" అన్నాడు. జంతువుల మీద ప్రయోగాలకి అనుమతిచ్చే నైతిక కమిటీల్లో కూర్చున్నాను, ఆ కమిటీలకి పేజీల కొద్దీ దరఖాస్తులూ రాశాను. ఆ మూడు మాటల్లో ఉన్నంత నిజాయితీ వాటిలో నాకు ఎక్కువసార్లు కనపడలేదు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఏ ఎలుకకి విషం, ఏ ఎలుకకి ఉత్త ఉప్పునీళ్లు అన్నది నేను ఎంచను. ఎంచితే నాకు తెలియకుండానే చురుగ్గా తిరిగేవాటిని ఒకవైపూ, మందకొడిగా పడి ఉండేవాటిని మరోవైపూ పెట్టేస్తాను. మూలన నక్కినది ముందు చేతికి చిక్కుతుంది, పరిగెత్తేది తప్పించుకుంటుంది. అందుకని తోకల మీద అంకెలు వేసి, రాండమ్ అంకెల ప్రకారం పంచుతాం. ఒకప్పుడు అచ్చు పట్టికలు ఉండేవి, ఇప్పుడు కంప్యూటరు ఇస్తుంది. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు యాదృచ్ఛికతని పనిలోకి దించడం ఎలాగో ఒక పుస్తకమే రాశారు. మా ల్యాబులో అది ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. అంటే, బోనులో ఉన్న ఎలుక ఒకటి లేచి "నాకే ఎందుకు?" అని అడిగిందనుకోండి, దానికి నేను పూర్తి సమాధానం చెప్పగలను. నీ తోక మీద ఫలానా అంకె ఉంది, పట్టికలో ఆ అంకె ఈ వరసలో పడింది. అంతకుమించి ఏ కారణమూ లేదు. లేకుండా ఉండాలనే ఈ ఏర్పాటంతా చేశాను.

అంతటితో అయిపోతే బాగుండేది. ఒకే జాతి, ఒకే వయసు, ఒకే బరువు ఎలుకలకి ఒకే సీసాలోంచి ఒకే లెక్కన మందిచ్చినా, మూడో వారం దాటకుండా పోయేది ఒకటి, ఐదో వారంలోనూ మేత తింటూ తిరిగేది ఒకటి. కారణం వెతికితే కొంత దొరుకుతుంది. కాలేయంలోని ఎంజైములు ఒకదాంట్లో చురుకు, ఇంకోదాంట్లో మందం. సరే, ఆ ఎంజైము దీంట్లోనే ఎందుకు చురుకు? తవ్వినకొద్దీ మట్టం దిగుతుంది, అడుగు మాత్రం తగలదు. ఆ ఎలుకల లోకంలో విధాతని నేనే. వాటి పుట్టుకా, మేతా, దీపం వెలిగే వేళా, చావూ నా చేతిలోవే. అయినా ఇదే ఎందుకు, అది ఎందుకు కాదు అన్నదానికి నా దగ్గర చివరిదాకా జవాబు లేదు.

మనుషుల దగ్గరికి వస్తాను. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో మా వార్డుల్లో గుండె ఆయాసంతో వచ్చినవాళ్లలో చాలామందికి కీళ్లవాత జ్వరం వల్ల కవాటం మూసుకుపోయి ఉండేది. వాళ్లకీ ఊపిరితిత్తుల ఒత్తిడి పెరుగుతుంది, కానీ ఎందుకు పెరిగిందో వేలు పెట్టి చూపించవచ్చు. గుండెలో రంధ్రంతో పుట్టి, సకాలంలో మూయించుకోలేక పెద్దయినవాళ్లు ఇంకొందరు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక వాళ్ల పరిస్థితి కొంత మారింది. వీళ్లనీ, ఊపిరితిత్తుల జబ్బులవాళ్లనీ, రక్తం గడ్డలు చేరినవాళ్లనీ అందరినీ పక్కకి తీసేశాక ఇంకా కొందరు మిగులుతారు. ఏ కారణమూ కనపడదు. ఎక్కువమంది ఆడవాళ్లు, పాతిక ముప్పై ఏళ్లవాళ్లు. నన్ను పట్టుకున్నది ఆ మిగిలినవాళ్లే.

రోంబర్గ్ అనే జర్మన్ వైద్యుడు 1891లోనే ఒక శవపరీక్షలో అలాంటి నాళాలు చూసి, కారణం తేల్చలేక అలాగే రాసిపెట్టాడు. 1981 నుంచి 1985 వరకూ అమెరికాలో 187 మంది రోగుల వివరాలు పోగుచేశారు. జబ్బు తేలిన నాటి నుంచి సగం మంది రెండు సంవత్సరాల పది నెలలు దాటలేదు. మొదటి ఆయాసం వచ్చిన నాటి నుంచి జబ్బు పేరు తెలియడానికే సగటున రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు మన ఇళ్లలో ఎలా గడుస్తాయో నేను చూశాను. రెండు బిందెలు మోసేసరికి కోడలు గోడ పట్టుకుని నిలబడుతుంది. రక్తం తక్కువంటారు, టానిక్కు తాగిస్తారు. పనిదొంగ అంటారు. పిల్లని కంటే సర్దుకుంటుందంటారు. ఈ జబ్బులో కానుపంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమని వాళ్లకి ఎవరు చెప్పాలి? ఆఖరికి అదంతా ఆమె రాత అయి కూర్చుంటుంది. మందులొచ్చాక కూడా అవస్థలు తీరలేదు. 2005లో సిల్డెనాఫిల్‌ని ఈ జబ్బుకి అమెరికాలో అనుమతించారు. మన దేశంలో అది చవగ్గా దొరుకుతుంది గనక నా రోగుల్లో చాలామందికి అదే ఆధారం. అయితే దాని మరో ఉపయోగం జగమెరిగినది. చెల్లెలి కోసం నా చీటీ పట్టుకెళ్లిన అన్న, షాపువాడి ముసిముసి నవ్వు చూసి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. చీటీ మీద జబ్బు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయడం అప్పుడు మొదలుపెట్టాను.

కారణం తెలియని ఈ రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక హద్దు పెట్టింది 1973లో, జెనీవా సమావేశంలో. ఆ సమావేశానికి దారితీసింది అమినోరెక్స్ అనే మాత్ర. ఆకలి చంపి ఒళ్లు తగ్గిస్తుందని 1965లో స్విట్జర్లాండ్, ఆస్ట్రియా, పశ్చిమ జర్మనీల్లో అమ్మకానికి పెట్టారు. ఈ జబ్బు ఆ దేశాల్లో ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగింది. 1968లో మాత్ర ఆపేశారు. ఆ జెనీవా ఊరి చరిత్ర తెలిసినవాళ్లకి ఇంకో పేరు గుర్తుకొస్తుంది. 1553లో అదే ఊరి శివార్లలో మైకేల్ సెర్వేటస్‌ని మతద్రోహి అని సజీవంగా దహనం చేశారు. రక్తం గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తులగుండా ఎడమవైపుకి వస్తుందని యూరపులో ముందుగా అచ్చువేసినవాడు ఆయన. రాసింది వైద్య గ్రంథంలో కాదు, దైవశాస్త్ర గ్రంథంలో. దేవుడు ఊదిన శ్వాస మనిషిలో ఆత్మగా ఎలా మారుతుందో తేల్చుకోవడానికి ఆ దారి వెతికాడు. అంతకు మూడు వందల ఏళ్ల ముందే కైరోలో ఇబ్న్ అల్ నఫీస్ ఆ సంగతి రాసిపెట్టాడనుకోండి, అది వేరే కథ. నేను రోజూ గొట్టం పంపే దారి మొదట్లో ఆత్మని వెతుక్కుంటూ వెళ్లినవాడికి దొరికింది. ఇది గుర్తున్నప్పుడల్లా, వైద్యుడికి ఇలాంటి ప్రశ్నలు దేనికని ఎవరైనా అంటే నవ్వొస్తుంది.

అమినోరెక్స్ మింగినవాళ్లలో చాలా కొద్దిమందికే జబ్బొచ్చింది. మిగతావాళ్లకి ఎందుకు రాలేదు? 2000లో బీఎంపీఆర్2 అనే జన్యువు బయటపడ్డప్పుడు ఇక తేలిపోయిందని పొంగిపోయాం. తీరా చూస్తే, లోపమున్న ఆ జన్యువు మోస్తున్నవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికే జబ్బు వస్తోంది. మిగతా నలుగురూ మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నారు. కారణం దొరికిన ప్రతిసారీ పాత ప్రశ్న దాని వెనకాల మళ్లీ వచ్చి నిలబడుతుంది.

ఆ మిగిలిన జాగాలో మనం కర్మని పెడతాం. ఈ విషయం మీద నాకూ మా పెదనాన్నకీ ఆయన బతికున్నంత కాలమూ వాదన నడిచింది. ఆయన శాస్త్రం చదువుకున్న మనిషి, అరుగు మీద కూర్చుని వేదాంతం చెప్పేవాడు. "జంతువులకీ కర్మ ఉంది కదా పెదనాన్నా. అయితే నా ఎలుక నన్ను సంపాదించుకుందా?" అన్నాను.

"సంపాదించుకుంది."

"అయితే నా తప్పేం లేదన్నమాట."

"ఎందుకు లేదే? దాని కర్మ తీరింది, నీ ఖాతాలో కొత్తది పడింది. రెండు లెక్కలూ వేరు. నిమిత్తమాత్రం అయినంత మాత్రాన ఒదిలిపోతుందనుకున్నావా?"

ఆయన సమాధానం గట్టిది. కర్మ సిద్ధాంతాన్ని వెక్కిరించేవాళ్లు చాలామంది దీని దాకా రారు. కానీ లోకంలో ఆ రెండో లెక్క రాసేవాళ్లని నేను ఎక్కువమందిని చూడలేదు. మొదటి లెక్క ఒక్కటే చాలు అందరికీ. కోడలి రాత అలా ఉందనుకున్న అత్తగారికి, ఎకో మిషను లేని ఆసుపత్రికి, ఆయాసంతో వచ్చిన పిల్లకి నాలుగేళ్లు ఉబ్బసం మందు రాసిన వైద్యుడికి, మాత్ర అమ్మిన కంపెనీకి, అందరికీ అది చల్లగా ఉంటుంది. బాధపడేవాడి పూర్వజన్మలోకి కారణాన్ని పంపేస్తే, ఈ జన్మలో పక్కనున్నవాళ్లు లేచి చేయాల్సింది ఏమీ మిగలదు. ఒక మనిషి తన బాధని తానే "నా కర్మ" అనుకుంటే అందులో ఒక ఓర్పు ఉంటుంది, దాన్ని నేను కదపను. మాచర్ల వైపు రైతు ఒకాయన, పడక మీద గొట్టం లోపలుండగానే, "ఎంత రాసుంటే అంతేలే అమ్మా, నువ్వు చూసుకో" అని నాకే ధైర్యం చెప్పాడు. అదే మాట ఎదుటివాడి గురించి అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

మన పెద్దలందరూ ఒకే గొంతుతో కర్మే అన్నారనుకోవడం కూడా పొరపాటు. శ్వేతాశ్వతర ఉపనిషత్తు మొదట్లోనే బ్రహ్మవాదులు కూర్చుని, ఈ అంతటికీ కారణం ఏమిటని ఒక జాబితా వేసుకుంటారు. కాలం, స్వభావం, నియతి, యదృచ్ఛ, భూతాలు, పుట్టుక, పురుషుడు. నాలుగోది చూడండి. ఏ కారణమూ లేకుండా జరిగిపోవడం అన్నది కూడా ఆలోచించాల్సిన సంగతుల్లో ఒకటని అంత పాత కాలంలో ఒప్పుకున్నారు. ఆ తర్వాత ఉపనిషత్తు అన్నిటినీ తోసి, ధ్యానంలో కనిపించిన దైవశక్తి వైపు వెళ్లిపోతుంది. నేను మాత్రం ఆ నాలుగో మాట దగ్గర ఆగిపోయాను. పెదనాన్న చెబితేనే ఆ జాబితా నాకు తెలిసింది. తీసేసినవాటిని పట్టుకుని వేలాడతావేమిటని ఆయన విసుక్కునేవాడు.

బుద్ధుణ్ణి రాజగృహంలో, వేణువనంలో మోలియ శివకుడనే పరివ్రాజకుడు అడిగాడు. మనిషి అనుభవించేదంతా పూర్వం చేసుకున్నదే అంటున్నారు కొందరు, మీరేమంటారని. బుద్ధుడు వరసగా చెప్పాడు. పిత్తం వల్ల బాధలుంటాయి, శ్లేష్మం వల్ల ఉంటాయి, వాతం వల్ల, మూడూ కలిసినందువల్ల, రుతువు మారినందువల్ల, ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, ఇతరులు కొట్టినందువల్ల ఉంటాయి, కర్మఫలం వల్లా ఉంటాయి. ఎనిమిదింట్లో కర్మ ఎనిమిదోది. అంతా కర్మే అనేవాళ్లు, తమకి తెలిసినదాన్నీ లోకం ఎరిగినదాన్నీ దాటిపోయి మాట్లాడుతున్నారని కూడా అన్నాడు. కర్మ మీద అంత కట్టడం కట్టిన మనిషే ఆ మాట అన్నాడు. అమరావతి మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్లి సున్నపురాతి పద్మాలు చూపించి తీసుకొస్తాం, ఈ సంభాషణ ఎవరూ చెప్పరు.

నా వృత్తికి బాగా దగ్గరివాడు చరకుడు. విమానస్థానం మూడో అధ్యాయంలో, ఆయుష్షు ముందే నిర్ణయమై ఉందా అని అగ్నివేశుడు ఆత్రేయుణ్ణి అడుగుతాడు. అలా అయితే మందులెవరికి కావాలి, ఏనుగు మీదికొస్తుంటే పక్కకి తప్పుకోవడం దేనికి అంటాడు గురువు. బండి ఇరుసుని చూపిస్తాడు. మంచి ఇరుసు తన కాలానికి తాను అరిగిపోతుంది. అదే ఇరుసు మితిమీరిన బరువుకో, గతుకుల బాటకో, తోలేవాడి చేతకానితనానికో, కందెన వేయకపోవడానికో నడిదారిలో విరుగుతుంది. పూర్వకర్మని చరకుడు కాదనడు. దైవమూ పురుషకారమూ రెండూ ఉన్నాయంటాడు, వైద్యుడు నిలబడటానికి చోటు మిగులుస్తాడు. కందెన వేయనివాడిది కూడా ఒక లెక్కే అనడం నాకు నచ్చుతుంది. పెదనాన్న రెండో లెక్క ఇక్కడ దొరికింది.

ఇంత చదువుకున్నాక కూడా, పల్నాడు నుంచి వచ్చిన ఒక తల్లి ముందు నా దగ్గర మాటలు చాలలేదు.

ఆవిడ పెద్ద కొడుకు ఇరవై రెండేళ్లకి పోయాడు. ఉబ్బసమని మందులు వాడుతుండగానే. రెండోది కూతురు, డిగ్రీ చివరి ఏడు, రెండు మెట్లకి ఆగి ఊపిరి తీసుకుంటూ నా గదిలోకి వచ్చింది. ఈ పిల్లలో జబ్బు ధమనుల కంటే ఊపిరితిత్తుల సిరల్లో ఎక్కువుందని సీటీ చూస్తే అనుమానం తగిలింది. ఈ రకం అరుదు, మొండిది. మిగతావాళ్లకి పనిచేసే మందులు వీళ్లకి ఊపిరితిత్తుల్లోకి నీరు దింపుతాయి. ఊపిరితిత్తులు మార్చడం తప్ప దారి లేదు. 2014లో దీనికొక జన్యువు తేలింది, ఈఐఎఫ్2ఏకే4. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ చెడ్డవి వస్తేనే జబ్బు. రక్తం పంపిస్తే రెండూ చెడ్డవేనని వచ్చింది.

తల్లికి అర్థమయ్యేలా చెబుదామని కాగితం మీద వంశవృక్షం గీశాను. మగవాళ్లకి చతురస్రం, ఆడవాళ్లకి సున్నా, పెళ్లికి మధ్యలో గీత. ఆవిడ భర్త ఆవిడకి సొంత మేనమామ. అలాంటి పెళ్లికి జంట గీత గీస్తాం. ఆవిడ వేలు సరిగ్గా అక్కడికే వెళ్లింది.

"అందరికీ ఒక గీత, మాకు రెండెందుకమ్మా?"

చెప్పాను. నేను మాట పూర్తి చేసేలోపలే ఆవిడ మొహంలో అర్థమైపోయినట్టు కనిపించింది.

అంతకు ముందు వాళ్ల లెక్క వేరుగా ఉండేది. ఎవరో నాగదోషమంటే మోపిదేవి వెళ్లి పూజ చేయించుకొచ్చారు. ఏ జన్మలో ఎవరు పుట్ట తవ్వారో తెలియదు, తెలియని పాపానికి తెలిసిన పరిహారం ఉంది, చేసేశారు. ఇప్పుడు నేనిచ్చిన కారణానికి తేదీ ఉంది, శుభలేఖ ఉంది, గోడ మీద పెళ్లి ఫోటో ఉంది. పూజతో తీరేది కాదు. సైన్సు వస్తే అపరాధ భావం పోతుందని రాసేవాళ్లు ఆ పూట నా గదిలో కూర్చుని ఉండాల్సింది. పోలేదు, పాత జన్మ నుంచి ఈ జన్మకి మారింది.

"మా అత్తే మా అమ్మమ్మ కదమ్మా," అంది ఆవిడ. "ఎవర్ని తిట్టుకోను?"

మేనరికాలు చేసుకున్న ఇళ్లలో ఎన్నో చోట్ల పిల్లలు నిక్షేపంగా ఉన్నారని చెప్పాను. మనలో ప్రతివాళ్లమూ ఇలాంటి చెడ్డ జన్యువులు ఏవో కొన్ని మోస్తూనే ఉంటామని, మీ ఇద్దరిలో ఒకటే కుదరడం ఆ ఒక్క పెళ్లి చేసిన పని కాదని, పుట్టబోయే ఒక్కో బిడ్డకీ నాలుగింట ఒక వంతు మాత్రమే అవకాశమని చెప్పాను. ఎవరి తప్పూ లేదన్నాను. ఎవరి తప్పూ లేదన్నది ఆవిడకి ఓదార్పు కాలేదు. దోషమంటూ ఉంటే పరిహారం ఉంటుంది. ఊరికే జరిగిందంటే మనిషికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. వైద్యులం మాత్రం ఏం తక్కువ? కారణం తోచనప్పుడు టెన్షన్ పడ్డారేమో, సమయానికి తినలేదేమో అంటాం. రోగి నెత్తిన ఏదో ఒక తప్పు పెడితేగాని మాకూ తోచదు.

మూడోది ఇంకో కూతురు, పంతొమ్మిదేళ్లది. పరీక్ష చేయించాలా వద్దా అని ఇంట్లో గొడవ. వస్తే వస్తుంది, ముందే తెలుసుకుని ఏం చేస్తామని తండ్రి. ఆ పిల్ల ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చి రక్తమిచ్చి వెళ్లింది. రిపోర్టుకి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. ఈ జబ్బు రాదు. మేనరికం చేసుకోకపోతే పిల్లలకీ భయం లేనట్టే.

పిల్ల ఫోన్ తీసుకుని వరండాలోకి పరిగెత్తింది. తల్లి కూర్చునే ఉంది.

"మరి దీనికెందుకు రాలేదమ్మా?"

వచ్చినవాళ్ల గురించి ఆ ప్రశ్న నన్ను వందలమంది అడిగారు. తప్పించుకున్నదాని గురించి అడిగినవాళ్లు నాకు ఆవిడ తప్ప గుర్తు లేరు. నాలుగింట ఒకరికి జబ్బు, ఇద్దరు ఊరికే మోసేవాళ్లు, ఒకరికి అసలు ఏమీ ఉండదు అని మళ్లీ లెక్క చెప్పాను.

"లెక్క తెలిసిందమ్మా. వాళ్లిద్దరూ ఏం చేశారని వచ్చింది, ఇదేం చేసిందని రాలేదు?"

"ఏమీ చేయలేదమ్మా. ముగ్గురూ ఏమీ చేయలేదు."

"మీరు నమ్ముతారా ఆ మాట?"

నమ్ముతానన్నాను. ఆవిడ నమ్మినట్టు కనపడలేదు. సంచిలోంచి పెద్దమ్మాయి కాగితాలు తీసి, జీవన్‌దాన్ అవయవదాన పథకం సంగతి ఎంతవరకూ వచ్చిందని అడిగింది. పేరు ఎక్కిందని చెప్పాను.

"అక్కడ కూడా చీటీలు తీసినట్టేనా?"

కాదని చెప్పాను. బ్లడ్ గ్రూపు కలవాలి, ఛాతీ కొలత సరిపోవాలి, జాబితాలో ఎవరి వంతో చూస్తారు.

"అయితే అక్కడైనా ఒక వరస ఉందన్నమాట," అంది, కాగితాలు మళ్లీ సంచిలో సర్దుకుంటూ. "పెద్దదానికి కొలతలు ఎప్పుడు తీస్తారో చెప్పండి, తీసుకొస్తాను."